ఊట పెరగలేదు, మోటరు ఆడింది

మా అపార్ట్‌మెంటు సెల్లారులో ఒక మూల గుంట ఉంది. విజయవాడలో కాలవకు దగ్గరగా, పాత అపార్ట్‌మెంటుల్లో ఉండేవాళ్లకి దీని గురించి వివరించక్కర్లేదు. గోడల్లోంచి, నేలలోంచి రాత్రీ పగలూ సన్నగా నీళ్లు ఊరుతూనే ఉంటాయి. ఆ నీళ్లన్నీ గుంటలోకి చేరతాయి. గుంటలో చిన్న మోటరు, దానికో ఫ్లోటు. నీళ్లు పైదాకా వస్తే ఫ్లోటు లేస్తుంది, మోటరు ఆన్ అవుతుంది. నీళ్లు అడుక్కి దిగేదాకా ఆడి దానంతటదే ఆగుతుంది. మళ్లీ ఊట, మళ్లీ నిండటం.

మా వాచ్‌మన్ శ్రీకాకుళం వైపు మనిషి. మోటరు ఆడినప్పుడల్లా ఆయన మాట ఒకటే. "ఊట పెరిగిపోనాది బాబూ, అందుకే మోటరు ఆడతంది." ఎలక్ట్రీషియన్ నవ్వి, ఊట ఎప్పుడూ ఒకేలా ఉంటుందనీ, ఫ్లోటు లేస్తే మోటరు ఆడుతుందనీ, అంతకు మించి ఏమీ లేదనీ అన్నాడు. ఇద్దరూ నన్ను చూశారు. నేను ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపుకి లెక్కలు రాసేవాణ్ణి, ఇలాంటి తగువు తెంచకుండా పైకి వెళ్లలేను. గుంట గోడ మీద చాక్‌పీసుతో అడుగున ఒక చోటా, పైన ఒక చోటా జానెడు దూరంలో రెండేసి గీతలు గీశాను. కింది గీత నుంచి పై గీతకి నీళ్లు రావడానికి ఎంతసేపు పడుతుందో వాచీ పెట్టి చూశాం. మోటరు ఆగిన వెంటనే చూసినా 40 నిమిషాలే, మళ్లీ ఆడబోయే ముందు చూసినా 40 నిమిషాలే. ఊట పెరగలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను పదకొండేళ్లుగా ఇదే మేడ మీద నుంచి, ఎనిమిది అంగుళాల టెలిస్కోపుతో ఒక నక్షత్రాన్ని చూస్తున్నాను. దాని గురించి శాస్త్రవేత్తల మధ్య సరిగ్గా ఈ తగువే పదేళ్లకు పైగా నడిచింది. వాళ్లకి చాక్‌పీసు గీతలు గీయడానికి గోడ లేదు, అంతే తేడా.

ఆ నక్షత్రం పేరు ఎస్ఎస్ సిగ్ని. హంస ఆకారంలో ఉండే సిగ్నస్ మండలంలో ఉంటుంది. 1896లో హార్వర్డ్ అబ్జర్వేటరీలో లూయిసా వెల్స్ ఫొటో ప్లేట్లు పరిశీలిస్తూ దీన్ని కనిపెట్టింది. మామూలు రోజుల్లో దాని మాగ్నిట్యూడ్, అంటే వెలుగు కొలత, 12. ఈ కొలతలో అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. అంటే కంటికి కనపడదు సరే, నా టెలిస్కోపులో కూడా ఊరి లైట్ల మధ్య ఉండీ లేనట్టు ఉంటుంది. సగటున ఏడెనిమిది వారాలకోసారి, ఒకటి రెండు రోజుల్లోనే 8కి దగ్గరగా వెలిగిపోతుంది. నాలుగు మాగ్నిట్యూడ్లంటే దాదాపు 40 రెట్లు. వారమో రెండు వారాలో అలా వెలిగి, మళ్లీ పడిపోతుంది. 1896 నుంచి ఇప్పటిదాకా ఎవరో ఒకరు దాన్ని చూస్తూనే ఉన్నారు. ఏఏవీఎస్ఓ అనే అమెరికా సంఘం 1911లో పుట్టి, ప్రపంచంలోని అమెచ్యూర్లు పంపే అంకెలన్నీ ఒక దగ్గర దాస్తోంది. ఆ గ్రాఫులో నా చుక్కలు కొన్ని వందలున్నాయి. లక్షల చుక్కల్లో కొన్ని వందలు. అయినా నావి.

ఈ రకంలో మొదట దొరికింది మాత్రం ఇది కాదు, యూ జెమినోరమ్. 1855 డిసెంబరులో లండన్‌లో జాన్ రసెల్ హైండ్ చిన్న గ్రహాల కోసం వెతుకుతుంటే కంటపడింది. మరుసటి ఏడాది అది మళ్లీ వెలిగినప్పుడు చూసినవాడు నార్మన్ పోగ్సన్. నక్షత్రాల వెలుగుకి మనం వాడే కొలబద్ద ఆయనదే: ఐదు మాగ్నిట్యూడ్ల తేడా అంటే సరిగ్గా వంద రెట్లు. ఆ పోగ్సన్ 1861లో మద్రాసు అబ్జర్వేటరీకి ప్రభుత్వ ఖగోళవేత్తగా వచ్చి, 1891లో మద్రాసులోనే పోయాడు. అప్పట్లో మా బెజవాడ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. నేను చీకట్లో 10.4 అనో 11.2 అనో రాసుకునే ప్రతి అంకె ఆయన స్కేలు మీదే రాస్తున్నానని గుర్తొస్తే కొంచెం గర్వంగా ఉంటుంది, కారణం లేకపోయినా.

ఇంతకీ అక్కడ ఉన్నది ఒక్క నక్షత్రం కాదు, రెండు. ఒకటి శ్వేత కుబ్జం, అంటే ఇంధనం అయిపోయిన నక్షత్రంలో మిగిలిన ముద్ద. దాదాపు సూర్యుడంత బరువు, భూమంత సైజు. రెండోది సూర్యుడికంటే కాస్త చిన్నదైన, నారింజ రంగు మామూలు నక్షత్రం. రెండూ ఆరు గంటల 36 నిమిషాలకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. నేను ఆఫీసుకి వెళ్లి, మధ్యాహ్నం భోంచేసి, టీ తాగి, ఇంకా లెక్కలు తేలక కూర్చునే లోపు వాళ్ల ఏడాది అయిపోతుంది. వాటి కేంద్రాల మధ్య దూరం సుమారుగా మన సూర్యుడి వ్యాసమంతే. అంత దగ్గరగా ఉండటం వల్ల పెద్దదాని ఒళ్లు చిన్నదాని వైపు సాగిపోయి, ఆ మొనలోంచి వాయువు సన్నటి ధారగా కారుతుంది. నాకు అది ఊట.

ఆ ధార నేరుగా శ్వేత కుబ్జం మీద పడదు. చాలామంది బొమ్మల్లో ఇది చూపిస్తారు, ఎందుకు పడదో చెప్పరు. ధార బయల్దేరిన చోటే తిరుగుతూ ఉంది కాబట్టి, ఆ తిప్పుడు వెంట తెచ్చుకుంటుంది. గురి తప్పి, శ్వేత కుబ్జం చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. లోపలికి దిగాలంటే తన తిప్పుడులో కొంత ఇంకెవరికైనా అప్పగించాలి. ఇది అచ్చం మా డబుల్ ఎంట్రీ. లోపలి వరస తన ఖాతాలోంచి తీసి బయటి వరస ఖాతాలో వేస్తుంది, మొత్తం పైసా తేడా రాదు. లోపలివాడు ఒక మెట్టు కిందికి, బయటివాడు ఒక మెట్టు బయటికి. ఇలా కోట్ల కోట్ల బదిలీలు జరుగుతూ వాయువంతా పళ్లెంలా పరుచుకుంటుంది. దాన్ని డిస్క్ అంటాను. పుస్తకాల మాటలు వాడితే నాకే అర్థం కాదు. దిగేకొద్దీ రాపిడి, రాపిడికి వేడి, వేడికి వెలుగు. ఎస్ఎస్ సిగ్ని వెలిగినప్పుడు మనం చూసేది దాదాపుగా ఆ పళ్లాన్నే, నక్షత్రాల్ని కాదు.

ఇక తగువు. పళ్లెం ఉన్నట్టుండి 40 రెట్లు ఎందుకు వెలగాలి? ఇంగ్లండులో జెఫ్రీ బాత్‌ది మా వాచ్‌మన్ వాదన. పెద్ద నక్షత్రం అప్పుడప్పుడూ ఒక్కసారిగా ఎక్కువ వాయువు పోస్తోంది, ఊట పెరిగింది, అందుకే వెలిగింది. జపాన్‌లో యోజి ఒసాకి 1974లో ఎలక్ట్రీషియన్ మాట అన్నాడు. ఊట ఒకేలా ఉంది, డిస్క్ కొన్నాళ్లు దాచుకుని ఒక్కసారి వదులుతోంది. అప్పటికి ఒసాకి దగ్గర ఫ్లోటు లేదు. అంటే డిస్క్ ఎందుకు దాచుకుంటుందో, ఎందుకు వదులుతుందో చెప్పే భౌతిక కారణం లేదు. అందుకే చాలామంది బాత్ వైపే ఉన్నారు. నేనైనా అలాగే ఉండేవాణ్ణేమో. కారణం చెప్పలేనివాడి మాట కంటే వాచ్‌మన్ మాటే ముందు చెవికెక్కుతుంది.

ఫ్లోటు తర్వాత దొరికింది. 1979 నుంచి 1981 మధ్య జపాన్‌లో హోషి, జర్మనీలో మేయర్ దంపతులు లెక్కలు తేల్చారు. అది హైడ్రోజన్. చల్లగా ఉన్నప్పుడు హైడ్రోజన్ పరమాణువులు ఎలక్ట్రాన్లను పట్టుకుని ఉంటాయి, వేడి సులువుగా బయటికి పోతుంది. డిస్క్‌లో వాయువు పోగుపడేకొద్దీ మెల్లగా వేడెక్కుతుంది. దాదాపు 6 వేల డిగ్రీలు దాటి 10 వేల వైపు వెళ్లేటప్పుడు ఎలక్ట్రాన్లు విడిపోతాయి, వాయువు ఒక్కసారిగా వెలుగుని అడ్డుకునే దుప్పటిలా మారిపోతుంది. వేడి లోపలే చిక్కుకుని ఇంకా వేడెక్కుతుంది. ఇక మధ్యలో ఆగడానికి చోటు లేదు. ఆ వేడి స్థితిలో డిస్క్‌లో రాపిడి, అంటే స్నిగ్ధత, చాలా ఎక్కువ. వాయువు గబగబా లోపలికి దిగుతుంది. అంటే మోటరు ఆన్ అయింది. అది ఆగే స్థాయి ఆన్ అయిన స్థాయి కంటే బాగా కింద ఉంటుంది, మా ఫ్లోటు లాగే. ఈ రెండు గీతల మధ్య ఎడమే అన్నిటికీ మూలం. ఒకే గీత ఉంటే ఊట వచ్చిన కొద్దీ బయటికి పోయేది, వెలుగు కదలకుండా ఉండేది. అసలు ఆ రాపిడి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకి 1991లో బాల్బస్, హాలీ జవాబు చూపించారు. తిరుగుతున్న డిస్క్‌లో బలహీనమైన అయస్కాంత క్షేత్రం ఉన్నా చాలు, అది లోపలి వరసకీ బయటి వరసకీ మధ్య రబ్బరు బ్యాండులా సాగి అల్లకల్లోలం లేపుతుంది. చల్లటి డిస్క్‌లో విద్యుత్తు సరిగా పారదు కాబట్టి ఆ పట్టు సడలుతుంది.

మా గుంటతో పోలిక ఇక్కడిదాకానే. మోటరు గుంటని దాదాపు ఖాళీ చేస్తుంది, ఎస్ఎస్ సిగ్ని డిస్క్ మాత్రం ఒక్కో పొంగులో తనలో ఉన్నదాంట్లో కొంతే వదులుతుంది. పైగా గుంటంతా ఒకేసారి ఆన్ అవదు. ఏదో ఒక వరసలో వేడి రగులుకుని, ఎండుగడ్డిలో మంటలా పక్క వరసలకు పాకుతుంది.

మరి చాక్‌పీసు గీతలు? అవీ ఉన్నాయి. ధార వచ్చి డిస్క్ అంచుకి తగిలే చోట ఒక వేడి మచ్చ ఉంటుంది. యూ జెమినోరమ్ మనకి దాదాపు పక్కవాటంగా కనపడుతుంది కాబట్టి, నాలుగు గంటల పావుకోసారి తోడు నక్షత్రం ఆ మచ్చకి అడ్డొస్తుంది. అడ్డొచ్చినప్పుడు ఎంత వెలుగు తగ్గిందో చూస్తే మచ్చ ఎంత వెలుగుతోందో తెలుస్తుంది. ఊట పెరిగితే ముందు పెరగాల్సింది ఆ మచ్చ వెలుగే కదా? పొంగుకి ముందు అది పెరగలేదు. ఇంకోటి, కొత్తగా వాయువు కుమ్మరిస్తే డిస్క్ ముందు కుంచించుకుపోవాలి, ఎందుకంటే వచ్చిన సరుకుకి అంచు దగ్గరున్న సరుకుకంటే తిప్పుడు తక్కువ. కానీ పోలండ్‌కి చెందిన స్మాక్ లెక్కల్లో పొంగు సమయంలో డిస్క్ పెద్దదై, తర్వాత మెల్లగా చిక్కుతోంది. లోపల దాచినది ఒక్కసారి వదిలితే జరగాల్సింది ఇదే. 1990లలో ఎస్ఎస్ సిగ్నిని ఎక్స్-రేల్లో, తీవ్ర అతినీలలోహిత వెలుగులో కూడా చూశారు. మామూలు వెలుగు ముందు పెరిగింది, తీవ్ర అతినీలలోహిత వెలుగు ఒక రోజుకి పైగా ఆలస్యంగా పెరిగింది. అంటే రగిలిన వేడి బయటి నుంచి శ్వేత కుబ్జం దాకా పాకడానికి అంత టైము పట్టింది. ఉపగ్రహాల్ని ఎప్పుడు తిప్పాలో చెప్పింది మాలాంటి అమెచ్యూర్ల ఫోన్లూ మెయిళ్లూనే.

ఇంతసేపూ నేను "పొంగు" అంటున్నాను, గమనించారా? మన పత్రికలూ, యూట్యూబు ఛానళ్లూ దీన్నీ "పేలుడు" అనే రాస్తాయి. నాకు అక్కడే గొడవ. ఎస్ఎస్ సిగ్నిలో ఏదీ పేలదు. సన్నని మంట మీద పెట్టిన పాలు పొంగినట్టు పొంగుతుంది. మంట పెరగలేదు, పాలు పెరగలేదు, అయినా స్టౌ అంతా పాలే. పేలుడు అనదగ్గది నోవా. అందులో శ్వేత కుబ్జం ఉపరితలం మీద పేరుకున్న హైడ్రోజన్ బాంబులా మండిపోతుంది. రెండిటికీ ఒకే మాట వాడితే రెండూ అర్థం కావు.

2024లో జరిగింది గుర్తుందా? టీ కరోనే బొరియాలిస్ అనే నక్షత్రం నిజంగానే పేలే రకం. 1866లో పేలింది, 1946లో పేలింది. కంటికి కనపడని 10 నుంచి ధ్రువ నక్షత్రమంత వెలుగుకి వచ్చింది. ఎనభై ఏళ్ల లెక్క, దానికి తోడు 1946కి ముందు కనిపించినలాంటి మసకబారడం 2023లో మళ్లీ కనిపించిందని కొందరు చెప్పారు. 2024 సెప్టెంబరులోపు పేలవచ్చన్నారు. ఆ "వచ్చు" వాట్సాప్‌లోకి వచ్చేసరికి ఎగిరిపోయింది. జీవితంలో ఒక్కసారి, ఈ నెలలోనే, డాబా ఎక్కండి. మా షాపులో కుర్రాళ్లు రోజూ అడిగేవాళ్లు, "ఏం సార్, పేలిందా?" అని. సెప్టెంబరు దాటింది. పేలలేదు. అప్పుడు మొదలైంది రెండో పాట. "ఈ సైంటిస్టులు చెప్పేవన్నీ ఇంతే సార్."

రెండు పాటలూ నాకు ఒకటే అనిపిస్తాయి. ముందు గుడ్డిగా నమ్మినవాళ్లే తర్వాత వెక్కిరించారు. గట్టిగా తెలిసినదేదో, అంచనా ఏదో విడదీసి చూడలేదు. ఆ పేలుడు ఎలా జరుగుతుందో తెలుసు. ఎప్పుడన్నది వేరే సంగతి. డబ్ల్యూజడ్ సగిట్టే అనే ఇంకో నక్షత్రం, మళ్లీ మన పొంగే రకం, 1913, 1946, 1978లో పొంగింది. ముప్పై మూడేళ్లు, ముప్పై రెండేళ్లు. ఇక తర్వాతది 2010 దాటాకే అని తీరిగ్గా ఉన్నారు. 2001 జులైలో పొంగింది, పదేళ్లు ముందే! మా ఎలక్ట్రీషియన్‌కి మోటరు ఎందుకు ఆడుతుందో పూర్తిగా తెలుసు. "రేపు ఎన్నింటికి ఆడుతుంది?" అని అడిగితే "సాయంత్రం అవ్వచ్చండి" అంటాడు. దానికి ఆయన్ని ఎవరైనా వెక్కిరిస్తారా?

అయితే సిద్ధాంతం కూడా ఒకసారి గట్టిగానే ఇరుక్కుంది. నేను ఎక్కువగా చెప్పాలనుకున్న కథ ఇదే.

ఒక నక్షత్రం నిజంగా ఎంత వెలుగుతోందో తెలియాలంటే అది ఎంత దూరంలో ఉందో తెలియాలి. 1999లో హబుల్ టెలిస్కోపుతో ఎస్ఎస్ సిగ్ని దూరం కొలిచారు. 166 పార్‌సెక్‌లు, సుమారు 540 కాంతి సంవత్సరాలు. అంతకుముందు అనుకున్నదానికంటే బాగా ఎక్కువ. దూరం ఎక్కువైతే అసలు వెలుగు ఎక్కువ, అసలు వెలుగు ఎక్కువైతే ఊట ఎక్కువ. లెక్క వేస్తే ఆ ఊటకి మోటరు అసలు ఆగకూడదు.

ఇది నాకు కళ్లకు కట్టింది ఆ 2024 సెప్టెంబరులోనే. నెల మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగాయి. మా వీధిలోకి వరద రాలేదు గానీ ఊట ఎన్నడూ లేనంత పెరిగింది. మోటరు మూడు రోజులు ఆగకుండా ఆడింది. ఫ్లోటు కిందికి దిగే అవకాశమే లేదు. ఆకాశంలో అలాంటి జంటలు నిజంగా ఉన్నాయి. ఊట ఎక్కువై, డిస్క్ ఎప్పుడూ వేడిగానే ఉండి, పొంగులు లేకుండా నిలకడగా వెలుగుతాయి. సరిగ్గా గీత మీద ఉన్నవీ ఉన్నాయి. జడ్ కామెలోపార్డాలిస్ కొన్నాళ్లు పొంగుతూ, కొన్నాళ్లు మధ్యలో ఒక వెలుగు దగ్గర నిలిచిపోతుంది. హబుల్ దూరం నిజమైతే ఎస్ఎస్ సిగ్ని కూడా నిలకడగా వెలగాలి. కానీ అది ఏడెనిమిది వారాలకోసారి పొంగుతోంది, నేనే చూస్తున్నాను. ఈ రకానికి అందరూ ఉదాహరణగా చూపించే నక్షత్రమే సిద్ధాంతానికి లొంగకపోతే, ఇంక ఆ సిద్ధాంతం దేనికి?

మా లెక్కల్లో ట్రయల్ బ్యాలెన్స్ టాలీ అవకపోతే తేడాని సస్పెన్స్ ఖాతాలో వేస్తాం. అది తప్పు ఒప్పుకోవడం కాదు, కప్పిపుచ్చడం కూడా కాదు. "ఇక్కడ ఇంత తేడా ఉంది, కారణం ఇంకా దొరకలేదు" అని పేరు పెట్టి అందరికీ కనపడేలా ఉంచడం. ఎస్ఎస్ సిగ్ని దూరం 14 ఏళ్లు సస్పెన్స్‌లో ఉంది. కొందరు సిద్ధాంతంలో లోపం వెతికారు, కొందరు కొలతనే అనుమానించారు. నాకు నచ్చినదేంటంటే, అనుమానించినవాళ్లు హబుల్ అంకెని దిద్దేసి ఊరుకోలేదు. ఇంకో కొలత కోసం వెళ్లారు.

ఎస్ఎస్ సిగ్ని పొంగినప్పుడు రేడియో తరంగాలు కూడా వస్తాయని 2008లో బయటపడింది. మామూలు రోజుల్లో రావు. రేడియో టెలిస్కోపుల్ని ఖండాల దూరంలో పెట్టి కలిపి చూస్తే, వెనకాల ఎంతో దూరంలో, కదలనట్టు కనపడే క్వేజార్లతో (వెలిగిపోయే గెలాక్సీ కేంద్రాలతో) పోల్చి దూరం చాలా కచ్చితంగా కొలవచ్చు. కాకపోతే పొంగు మొదలైన రోజే పట్టుకోవాలి. మళ్లీ అమెచ్యూర్లే దిక్కు. ఎస్ఎస్ సిగ్ని లేస్తోందన్న కబురు అందగానే అమెరికాలో, యూరప్‌లో డిష్‌లు దానివైపు తిరిగాయి. 2013లో జేమ్స్ మిల్లర్-జోన్స్ బృందం ఫలితం వచ్చింది: 114 పార్‌సెక్‌లు, సుమారు 370 కాంతి సంవత్సరాలు. అంటే అసలు వెలుగు అనుకున్నదాంట్లో సగమే. ఊట గీత కిందికి వచ్చింది, లెక్క టాలీ అయింది. తర్వాత గయా ఉపగ్రహం కూడా అదే దూరం చెప్పింది.

కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఇంకోటుంది. అదే ఏడాది ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ పాత హబుల్ డేటానే మొదటి నుంచీ మళ్లీ లెక్క కట్టారు. కొత్తగా ఒక్క ఫొటో తియ్యలేదు. 120 పార్‌సెక్‌ల దగ్గర వచ్చింది. ఓచర్లు అవే, పోస్టింగులో తేడా. ఇది చదివిన రోజు ఆఫీసులో నా పక్క సీటాయనకి చెప్పాను. ఆయన ముప్పై ఏళ్ల సర్వీసున్న అకౌంటెంటు, ఆకాశం వైపు ఎప్పుడూ తలెత్తిన మనిషి కాదు. "ఓచర్లు పారెయ్యకపోవడం మంచిదైంది" అన్నాడు.

ఇప్పుడు నా సంగతి.

నేను చూసే పద్ధతి చాలా మామూలుది. చార్టు మీద ఎస్ఎస్ సిగ్ని చుట్టూ ఉన్న మారని నక్షత్రాలకి అంకెలు వేసి ఉంటాయి. 96 అంటే 9.6. చుక్క పెడితే అది కూడా నక్షత్రమనుకుంటామని చుక్క పెట్టరు. 102 కంటే మసక, 109 కంటే వెలుగు, మధ్యలో ఎక్కడ? అలా తూకం వేసి రాయాలి. కనపడకపోతే "11.6 కంటే మసక" అని రాసినా తీసుకుంటారు. ఒకటే కట్టుబాటు. నిన్న ఎంత రాశావో చూడకూడదు. ఈ రోజు ఎంత ఉండాలో అనుకోకూడదు.

2021 మేలో కరోనా రెండో విడత. మధ్యాహ్నం పన్నెండు నుంచి మర్నాడు పొద్దున ఆరు దాకా కర్ఫ్యూ. ఊళ్లో ఎన్నడూ లేనంత చీకటి, నిశ్శబ్దం. అంబులెన్సు సైరన్లు తప్ప. నిద్రపట్టక నాలుగింటికే మేడెక్కేవాణ్ణి. సిగ్నస్ నెత్తి మీదికి వచ్చేది. మొదటి రోజు చూస్తే 10.4. పొంగు కాదు, ఎందుకంటే 8 వైపు వెళ్లాలి. మామూలూ కాదు, ఎందుకంటే 12 వైపు ఉండాలి. సరే, దిగుతూ ఉందేమో అనుకుని రాశాను. రెండు రోజుల తర్వాత మళ్లీ దాదాపు అంతే. ఆ తర్వాత కూడా అంతే. నాలుగో రోజు నాకు నా మీదే అనుమానం వచ్చింది. నిద్ర లేదు, టెన్షన్, పోల్చే నక్షత్రం తప్పు పట్టానేమో. ఎస్ఎస్ సిగ్ని ఇలా చెయ్యదు. వందేళ్ల పైచిలుకు గ్రాఫు ఉంది, దాంట్లో దాదాపు ఎక్కడా ఇలా లేదు. రబ్బరు తీసుకుని మూడు అంకెలూ చెరిపి, 11.5, 11.6, 11.6 అని రాసి పంపించాను.

మొదటి ఉద్యోగంలో నాకు మొదటి వారంలోనే నేర్పిన పాఠం, లెక్కల పుస్తకంలో రబ్బరు వాడకూడదని. తప్పయితే గీత కొట్టి, పక్కన రాసి, సంతకం పెట్టాలి. అది నాకు ఆఫీసులో గుర్తుంటుంది.

జూన్‌లో కంప్యూటర్లో గ్రాఫు చూశాను. ప్రపంచమంతా 10, 11 మధ్య చుక్కలే. నా మూడూ కింద ఎక్కడో వేరుగా, సిగ్గు లేకుండా కూర్చుని ఉన్నాయి. ఎస్ఎస్ సిగ్ని తన చరిత్రలో దాదాపు ఎన్నడూ చెయ్యని పని చేస్తోంది. మధ్యలో నిలిచిపోయి, చిన్న చిన్న పొంగులతో కదులుతోంది, ఆ జడ్ కామెలోపార్డాలిస్‌ని తలపించేలా. మళ్లీ అదే పాత ప్రశ్న లేచింది, ఊట పెరిగిందా, మోటరు మారిందా? జపాన్ నుంచి కిమురా బృందం చూసి చెప్పినది, ఊట పెరిగిన జాడ లేదని. అంతకుముందు నుంచే మామూలు రోజుల్లో వెలుగూ, ఎక్స్-రేలూ కలిసి మెల్లగా పెరుగుతూ వచ్చాయి. డిస్క్‌లో స్నిగ్ధతే పెరిగి ఉండాలి, లోపలి భాగం వేడిగానే ఉండిపోయి బయటి భాగం మాత్రం పొంగుతోంది అని వాళ్ల వాదన. అంటే ఈసారీ ఎలక్ట్రీషియనే. కానీ మోటరు ఎందుకు మారిందన్నది సస్పెన్స్‌లోనే ఉంది.

"సిద్ధాంతాన్ని నమ్మి హబుల్ కొలతని అనుమానించినవాళ్లు చేసినదే నువ్వూ చేశావుగా?" అన్నాడు నా స్నేహితుడొకడు, ఓదార్చడానికి. కాదు. వాళ్లు హబుల్ అంకెని అలాగే ఉంచి పక్కన ఇంకో అంకె తెచ్చి పెట్టారు. ఉంచారు కాబట్టే ఆ పాత డేటా మళ్లీ లెక్క కట్టడానికి పనికొచ్చింది. నేను ఉన్న అంకెని చెరిపేశాను. వాళ్ల నమ్మకం నిజమైంది, నాది కాలేదు అన్నది తర్వాతి మాట. నా నమ్మకమే నిజమై ఉన్నా నేను చేసినది తప్పే అయ్యుండేది, కాకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

పంపిన మూడు అంకెల్నీ ఏఏవీఎస్ఓ నుంచి తొలగించాను. నిజమైనవి మళ్లీ పంపుదామంటే, ఏవి నిజమైనవి? జ్ఞాపకం ఓచరు కాదు. అప్పటి నుంచి బాల్‌పాయింట్ పెన్నుతోనే రాస్తున్నాను. పాత నోటుబుక్కు ఇంకా ఉంది. పెన్సిలు గట్టిగా నొక్కి రాయడం నా అలవాటు. ఆ పేజీని టేబుల్ లైటు కింద ఏటవాలుగా పట్టుకుంటే, మొదటి రోజు 11.5 వెనకాల 10.4 అచ్చు కనపడుతుంది. రెండో రోజు చివర ఒక 3 లాంటిది ఉంది, 8 కూడా కావచ్చు. మూడో రోజుది రబ్బరు గట్టిగా రాయడం వల్ల కాగితమే లేచిపోయింది.